తేదీ తెలియని పుట్టినరోజు

రేపల్లె,
6 అక్టోబరు 2024

శేషూ,

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంటి అనుకుంటావు. నీ చెవి సంగతి నీకు తెలుసు. నీకు వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే గోడ అవతల మా తమ్ముడికి వినపడుతుంది. వాడి గురించే నీతో మాట్లాడాలి కాబట్టి కాగితం తప్ప దారి లేదు. వాట్సాప్ మాట మాత్రం ఎత్తకు. ఈ గొడవంతా అందులోంచే పుట్టింది.

రాజ్‌కుమార్ ఆర్టీసీలో రిటైరైన దగ్గర్నుంచి బైబిలు పట్టుకుని కూర్చున్నాడు. మంచిదే కదా అనుకున్నాను. ఈ వేసవి నుంచి ఎవరో బోధకుడి వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు క్రిస్మస్ చెయ్యకూడదంటున్నాడు. బైబిల్లో ఆ తేదీ లేదట. డిసెంబరు ఇరవై అయిదు రోమన్ల సూర్యదేవుడి పుట్టినరోజట. మనం ఏసుప్రభువు పేరు చెప్పి సూర్యుడికి పండగ చేస్తున్నామట. ముప్పై ఏళ్ళ నుంచి మా చర్చి గోపురం మీద స్టార్ కట్టి లైట్లు వేసే మనిషి, ఈ ఏడు గోపురం ఎక్కనని మా పాస్టరు అయ్యగారి మొహం మీదే చెప్పేశాడు.

అంతవరకైతే నేనే సర్దుకునేదాన్ని. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి అందరికీ ఒక జిరాక్సు పంచాడు. ఏంటా అని చూస్తే నీ వ్యాసం! 1998లో మన హైస్కూలు వార్షికోత్సవ సంచికలో రాశావే, 'డిసెంబరు 25 కథ', అది. నీకు గుర్తు లేకపోతే ఇదిగో: "క్రీస్తు శకం 274లో రోమన్ చక్రవర్తి ఆరీలియన్ డిసెంబరు 25ను సూర్యుడి జన్మదినంగా ప్రకటించాడు. క్రైస్తవులు ఆ పండగనే తీసుకుని పేరు మార్చుకున్నారు. చరిత్రకారులందరూ ఒప్పుకున్న సంగతి ఇది." కింద నీ పేరు, ఎం.ఏ., బి.ఇడి.

"హిందూ టీచరమ్మ. మన గొడవలతో ఆవిడకేం పని? ఆవిడే చెప్పింది చూడండి" అని గొంతు చించుకున్నాడు. అది వాడికి ఎక్కడ దొరికిందో ఏమో.

నాకు ఒక్క మాట చెప్పు. అది నిజమేనా? ఎక్కడ చదివి రాశావు? పుస్తకం పేరు, పేజీ రాసి పంపు. సంఘంలో నేను సెక్రటరీని. నన్ను అడుగుతున్నారు.

కృపారాణి

తెనాలి,
14 అక్టోబరు

కృపా,

ఇరవై ఆరేళ్ళ కిందటి వ్యాసానికి పేజీ నంబరు అడిగే హెడ్‌మిస్ట్రెస్‌వి నువ్వొక్కదానివే. రిటైరైనా నీ ఇన్‌స్పెక్షన్లు పోలేదు.

ఆ వ్యాసం ఎలా పుట్టిందో నీకు గుర్తు లేదేమో, నాకుంది. ప్రెస్సువాడు కూర్చుని ఉన్నాడు. రెండు పేజీలు ఖాళీ వచ్చాయి. నువ్వు స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి "శేషూ, డిసెంబరు కదా, క్రిస్మస్ మీద ఏదన్నా చరిత్ర గిలికి ఇవ్వవే, లంచ్‌లోపు" అన్నావు. ఇచ్చాను. ప్రూఫు దిద్దింది కూడా నువ్వే. అప్పుడు అడగని పేజీ నంబరు ఇప్పుడు కావాల్సొచ్చిందా?

ఇక నిజమా కాదా అంటే, సూర్యుడి పండగ సంగతి అందరికీ తెలిసిందే. ఎన్ని చోట్ల చదవలేదు? మీ తమ్ముడు దాన్ని చదివి లైట్లు కట్టనంటే అది నా తప్పెలా అవుతుంది? చరిత్ర చరిత్రే, భక్తి భక్తే. పదో క్లాసు పిల్లలకి కూడా ఇదే చెప్పేదాన్ని. అరవై దాటిన మనుషులకి ఇది మళ్ళీ చెప్పాలా?

ఆ బోధకుడెవరో అతన్ని అడగండి. నన్ను మీ చర్చి గేటు దగ్గర నిలబెట్టకండి.

దసరాకి చేసిన జంతికలు పంపుదామనుకున్నాను. ఇప్పుడు కోపంగా ఉంది. పంపను.

శేషారత్నం

రేపల్లె,
22 అక్టోబరు

శేషూ,

'చరిత్ర చరిత్రే' అని రాసి చేతులు దులుపుకున్నావు. చాలా బాగుంది. నువ్వు తెనాలిలో కూర్చున్నావు. నేను ఇక్కడ గోడకి ఇవతల కూర్చున్నాను.

నేను పెళ్ళి చేసుకోలేదని, వాడి ఇల్లే నా ఇల్లని నీకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు వాళ్ళతోనే తిన్నాను, వాళ్ళు నాతో తిన్నారు. ఇప్పుడు వాడు నా గుమ్మం తొక్కి పద్దెనిమిది రోజులైంది. "నువ్వు సూర్యుణ్ణి పూజించే సంఘానికి సెక్రటరీవి. ఎలా కలిసి తినను అక్కా?" అన్నాడు. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. చాలా నెమ్మదిగా అన్నాడు.

వాడి కూతురు సునీల మా చర్చిలో కీబోర్డు వాయిస్తుంది కదా. దాన్ని మానిపించాడు. డిసెంబరులో వేసే నాటికకి పిల్లలు పాటలు నేర్చుకోవాలి, వాయించే మనిషి లేదు. ఆ పిల్ల దొడ్లో బట్టలు ఆరేస్తూ నావైపు చూస్తుంది, మాట్లాడదు.

మొత్తం పదకొండు కుటుంబాలు వాడివైపు ఉన్నాయి. వాళ్ళ చేతుల్లో ఉన్నది బైబిలూ, నీ వ్యాసమూ.

అందుకని మళ్ళీ అడుగుతున్నాను. ఎక్కడ చదివావు? 'అందరికీ తెలిసిందే' అని రాసిన పిల్లలకి నువ్వు సున్నా వేసేదానివి.

కృపారాణి

బాపట్ల,
5 నవంబరు

కృపా,

నీ ఉత్తరం ఇక్కడికి తిరిగొచ్చి చేరింది. కార్తీకమాసం కదా, మేనల్లుడు భరద్వాజ వచ్చి నన్ను తీసుకొచ్చాడు. ఇక్కడ పదిహేను రోజులుంటాను. నీ ఉత్తరం చదివి మళ్ళీ చిరాకుపడ్డాను. ఆ సున్నా మాట మాత్రం గుచ్చుకుంది.

అయితే నీకొక్కదానికే పీడ అనుకోకు. మొన్న ఆదివారం వనభోజనాలకి వెళ్ళాం. చెట్ల కింద విస్తళ్ళు వేశారు, ఉసిరికాయ పచ్చడి బాగుంది. తినే ముందు ఒకాయన లేచి "ఇప్పుడు మనమధ్య ఉన్న చరిత్ర పండితురాలు శేషారత్నం గారి పరిశోధన" అని కాగితాలు పంచటం మొదలుపెట్టాడు. తీసి చూశాను. పైన నా ఫోటో. కింద నా వ్యాసమే. దానికి భరద్వాజ తోక తగిలించాడు: 'క్రిస్మస్ అంటే మన ఉత్తరాయణమే! రోమన్లు మన దగ్గర నేర్చుకున్నారు, వాళ్ళ దగ్గర క్రైస్తవులు కొట్టేశారు!'

విస్తరి ముందునుంచి లేచి వాణ్ణి పక్కకి పిలిచాను.

"ఏంటిరా ఇది? రోమన్లు మన దగ్గర నేర్చుకున్నారని నేనెక్కడ రాశాను?"

"మీరు సగం రాశారు అత్తయ్యా, మిగతా సగం నేను పూర్తి చేశాను."

"ఆధారం ఏంటి?"

"మీ వ్యాసమే ఆధారం అత్తయ్యా."

"మరి నా వ్యాసానికి?"

వాడు నవ్వేశాడు. "మీరు చెప్పాక ఇంకా ఆధారం ఎందుకండి! ఆరు గ్రూపుల్లో పెట్టాను. హైదరాబాదు వాళ్ళు కూడా మెచ్చుకుంటున్నారు."

కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మనిషి వీడు! స్టెప్పు రాయకుండా ఆన్సరు రాస్తే పిల్లల పేపరు మొహాన కొడతాడు.

ఇంటికొచ్చి ఆలోచించాను. ఒకే కాగితం. రేపల్లెలో మీ తమ్ముడు దాంతో క్రిస్మస్ వద్దంటాడు. బాపట్లలో మావాడు దాంతో క్రిస్మస్ మాదంటాడు. ఇద్దరూ నా పేరే చెప్తారు. ఇద్దరి మీదా ఒళ్ళు మండుతోంది. అసలు నేనేం రాశానో ఒకసారి సరిచూద్దామని కూర్చున్నాను. భరద్వాజ కూతురు హర్షిణి కంప్యూటర్లో అక్షరాలు పెద్దవి చేసి పెడుతోంది. చూసి చెప్తాను.

శేషారత్నం

బాపట్ల,
12 నవంబరు

కృపా,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఆగితే రాయబుద్ధి కాదు.

నా వ్యాసం తప్పు.

మొత్తం తప్పని కాదు. అలా అయినా సులువుగా ఉండేది. వారం రోజులు చదివాను. తెలిసింది తెలిసినట్టు రాస్తాను. ఆరీలియన్ 274లో రోములో సూర్యుడికి పెద్ద గుడి కట్టించిన మాట నిజం. కానీ డిసెంబరు ఇరవై అయిదుని పండగగా ప్రకటించాడనటానికి అప్పటి రాత ఒక్కటీ లేదు. ఆ తేదీన సూర్యుడి పుట్టినరోజు అని మొదటిసారి కనపడేది 354లో రాసిన ఒక రోమన్ పంచాంగంలో. క్రీస్తు పుట్టింది ఆ తేదీనే అని మొదటిసారి కనపడేదీ ఆ పుస్తకంలోనే! ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో ఎలా తేలుస్తాం? అరువు తెచ్చుకున్నారనే పండితులు ఇప్పటికీ ఉన్నారు. కాదు, మార్చి ఇరవై అయిదున దేవుడు మేరీ కడుపున పడ్డాడని నమ్మి దానికి తొమ్మిది నెలలు కలిపి లెక్కగట్టారనే వాళ్ళూ ఉన్నారు. అంతకుముందు నూట యాభై ఏళ్ళ కిందట ఏప్రిల్ అన్నవాళ్ళున్నారు, మే నెల అన్నవాళ్ళున్నారు. రోమన్ల ఇంకో పండగ, శనిదేవుడిది, దాన్ని కూడా దీనికి ముడిపెడతారు. అది ఇరవై మూడుకే అయిపోయేది.

అంటే 'చరిత్రకారులందరూ ఒప్పుకున్న సంగతి' అన్న వాక్యం ఉంది చూడు, అదే అసలు అబద్ధం. అందరూ ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మరి నేనెక్కడ చదివాను? నువ్వు రెండుసార్లు అడిగావు, నేను రెండుసార్లు తప్పించుకున్నాను. ఒక ఆదివారం అనుబంధంలో పిల్లల పేజీ ఉండేది. అందులో చిన్న పెట్టెలో ఆరు లైన్లు. నా బీరువాలో ఆ కత్తిరింపు ఉండేది. దాన్ని రెండు పేజీలకి సాగదీశాను. ఆఖర్న 'అందరూ ఒప్పుకున్నారు' అన్న వాక్యం లేకపోతే తేలిగ్గా ఉంటుందని అది కూడా చేర్చాను. లంచ్ బెల్ కొట్టేసింది కృపా. అంతే.

ముప్పై ఒక్క ఏడు సోషల్ చెప్పాను. పిల్లల్ని 'ఎలా తెలుసు?' అని అడగమని చెప్పాను. నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు అడిగితే విసుక్కున్నాను.

శేషారత్నం

రేపల్లె,
20 నవంబరు

ప్రియమైన శేషూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకున్న నిజాయితీ ఎవరికీ ఉండదు. తప్పు ఒప్పుకోవటం ఎంత గొప్ప విషయం! అయ్యగారికి కూడా చదివి వినిపించాను. చాలా సంతోషించారు.

డిసెంబరు పదిహేను, ఆదివారం, ఆరాధన అయ్యాక సంఘం సమావేశం ఉంది. నువ్వు వచ్చి నీ వ్యాసం తప్పని నీ నోటితో నాలుగు మాటలు చెప్తే చాలు. ఎక్కువ వద్దు. ఆ పంచాంగాలు, ఆ లెక్కలు జనానికి అర్థం కావు. తప్పు అని చెప్పు, అంతే. పది నిమిషాల పని. తరవాత మా ఇంట్లో భోజనం. నీకిష్టమని గోంగూర చేస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త. మంచు పడుతోంది, చెవులకి గుడ్డ కట్టుకో.

నీ
కృప

తెనాలి,
27 నవంబరు

కృపారాణి గారికి,

నలభై ఏళ్ళలో నువ్వు నన్ను 'ప్రియమైన' అనలేదు. ఉత్తరం తెరవగానే ఏదో ఉందనుకున్నాను.

నిన్న సాయంత్రం సునీల వచ్చింది. ఇక్కడ బి.ఇడి. చదువుతోంది కదా, కాలేజీ అయ్యాక నేరుగా మా ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. "పెద్దమ్మగారూ, పదిహేనో తారీకు మీరు రాకండి" అంది. ఎందుకంటే చెప్పింది.

ఆ సమావేశం నా వ్యాసం గురించి కాదట. మీ తమ్ముణ్ణి సంఘంలోంచి తీసెయ్యటానికట. 'అసత్యాన్ని ప్రచారం చేసి సంఘాన్ని చీల్చినందుకు' అని నోటీసు. నేను వచ్చి అసత్యమేనని సాక్ష్యం చెప్తే పని పూర్తవుతుందట. ఆ నోటీసు మీద సెక్రటరీ సంతకం ఉందట.

ఆ సెక్రటరీ ఎవరో నీకు తెలిసే ఉంటుంది.

"అత్త సంతకం చేసిందండి. మా నాన్న ఆ కాగితం చూసుకుని రోజంతా అన్నం తినలేదు" అని చెప్పి ఆ పిల్ల ఏడ్చింది. నాకు చెవి సరిగ్గా వినపడకపోయినా ఏడుపు కనపడుతుంది కదా.

నాలుగు మాటలు చెప్పు, లెక్కలు వద్దు అని ఎందుకు రాశావో ఇప్పుడు తెలిసింది. సగం చెప్తే మీకు పనికొస్తుంది. మా భరద్వాజకీ సగమే కావాలి. మీరంతా ఒకటే!

నీకు సిగ్గుగా లేదూ?

శేషారత్నం

రేపల్లె,
3 డిసెంబరు

శేషూ,

ఉంది.

సంతకం చేశాను. కోపంతో చేశాను. బెదిరిస్తే దిగొస్తాడనుకున్నాను. చిన్నప్పుడు బడి ఎగ్గొడితే నాన్నకి చెప్తానని బెదిరించేదాన్ని, వెంటనే దారికొచ్చేవాడు. ఇప్పుడు వాడికి అరవై ఒకటి అన్న సంగతి మర్చిపోయాను. వాడు దిగి రాలేదు. నోటీసు మాత్రం నా చెయ్యి దాటి పోయింది. వెనక్కి ఇవ్వమంటే సంఘం పెద్దలు ఇవ్వరు. వాణ్ణి తీసేస్తే ఏమవుతుందో నీకు తెలియదు. మా సమాధుల తోటలో చోటు ఉండదు. నాన్న, అమ్మ పక్కపక్కన ఉన్నారు. వాళ్ళ పక్కన మా ఇద్దరికీ స్థలం ఉంచారు. నేను అక్కడ ఉండి, వాడు ఇంకెక్కడో ఉండాలా? ఇది ఆలోచించకుండా పెన్ను మూత తీశాను.

ఇంకొకటి దాచాను. అది కూడా రాసేస్తాను. నీ వ్యాసం వాడికి ఎక్కడ దొరికిందో తెలియదని రాశాను కదా. నేనే ఇచ్చాను. జూన్‌లో వాడు వచ్చి, "అక్కా, ముప్పై ఏళ్ళు గోపురం ఎక్కి లైట్లు కట్టాను. ఈ తేదీ ఎక్కడిదని ఒక్కళ్ళూ నాకు చెప్పలేదు. నీకు తెలుసా?" అని అడిగాడు. మామూలుగా అడిగాడు శేషూ, పోట్లాటకి కాదు. నాకు తెలియదు. తెలియదని చెప్పటానికి హెడ్‌మిస్ట్రెస్‌నాయె, నోరు రాలేదు. పెట్టెలోంచి ఆ సంచిక తీసి "చదువుకో, అంతా ఇందులో ఉంది" అని చేతిలో పెట్టాను. నేను అప్పటికి అది సరిగ్గా చదవను కూడా లేదు. ప్రూఫుల్లో అచ్చుతప్పులే చూశాను.

వాడు చదివాడు. నమ్మాడు. నమ్మినట్టే నడుచుకున్నాడు. మిగతా అందరికంటే వాడే నయం.

నువ్వు రావద్దు. ఆ రోజు నన్ను కూడా లోపలికి రానివ్వరట, తోబుట్టువునని. వాకిట్లో కూర్చోవాలి.

కృప

తెనాలి,
6 డిసెంబరు

కృపా,

వస్తున్నాను. పదిహేనో తారీకు పొద్దున రేపల్లె పాసింజర్‌కి. నన్ను ఆపాలని చూడకు. మొత్తం చెప్తాను, సగం కాదు.

గోంగూర చెయ్యి.

శేషు

తెనాలి,
17 డిసెంబరు

కృపా,

లోపల ఏం జరిగిందో నీకు చెప్పకుండానే వచ్చేశాను. నువ్వేమో వాకిట్లో బెంచీ మీద ఒకటే ఏడుపు, నా చెవి మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది, రైలుకి టైమైంది. గోంగూర కూడా తినలేదు. అందుకని కూర్చుని వరసగా రాస్తున్నాను.

చర్చి నిండా జనం. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ముందు వరసలో మీ తమ్ముడు ఒక్కడే, పక్కన ఎవరూ కూర్చోలేదు. తెల్లచొక్కా, ఒళ్ళో జిరాక్సు కాగితాల కట్ట. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు.

సంఘం పెద్ద ఆశీర్వాదం గారు మొదలుపెట్టారు. "అమ్మా, మీరు దూరం నుంచి వచ్చారు. మీ వ్యాసం తప్పని ఒక్క మాట చెప్పండి చాలు."

"తప్పేనండి. కానీ ఒక్క మాటతో అవ్వదు" అన్నాను. మొత్తం చెప్పాను. ఆదివారం అనుబంధంలో ఆరు లైన్ల సంగతి, లంచ్ బెల్లు సంగతి, పంచాంగం, తొమ్మిది నెలల లెక్క, అన్నీ. నువ్వన్నట్టు అర్థం కాకుండా ఏం పోలేదు. ఆఖరిదాకా విన్నారు.

అయ్యాక వెనకనుంచి ఒకాయన, "అయితే మన తేదీ కరెక్టే అన్నమాట!" అన్నాడు. చప్పట్లు కొట్టబోయారు.

"అలా అనలేదండి. అది కూడా తెలియదు" అన్నాను.

"చూశారా!" అని రాజ్‌కుమార్ లేచాడు. "టీచరు గారే చెప్తున్నారు!"

"నువ్వు కూర్చో నాయనా. నీకూ తెలియదు."

"మరి ఎవరికి తెలుసండి?" అని ఆడవాళ్ళలోంచి ఒకావిడ విసుక్కుంది.

"ఎవరికీ తెలియదమ్మా. పదహారు, పదిహేడు వందల ఏళ్ళ నుంచి ఎవరికీ తెలియదు. తెలుసని రాసిన వాళ్ళలో నేనొకదాన్ని."

అందరికీ చిరాకొచ్చింది. రెండు పక్షాల వాళ్ళూ నావైపు ఒకేలా చూశారు. పోనీలే, ఆ ఒక్క విషయంలో అయినా కలిశారనుకున్నాను. ఆశీర్వాదం గారు గొంతు సవరించుకుని, "ఏది ఏమైనా వ్యాసంలో అసత్యం ఉందని తేలింది. దాన్ని పంచినందుకు రాజ్‌కుమార్‌ని..." అని నోటీసు తీశారు.

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది కృపా. "ఆగండి. ఆ అసత్యం రాసింది ఎవరు?" అన్నాను.

"మీరే కదమ్మా."

"అయితే ముందు నన్ను తియ్యండి."

"మీరు మా సంఘం మనిషి కాదు కదమ్మా, ఎలా తీస్తాం?"

"రాసినదాన్ని తియ్యలేరు. అచ్చు వేసిన దాన్ని సెక్రటరీగా కూర్చోబెట్టుకున్నారు. చదివి నమ్మినవాణ్ణి మాత్రం తీసేస్తారా? అతను అడిగిన ప్రశ్నకి ఇక్కడ ఒక్కళ్ళయినా జవాబు చెప్పారా? మీ నాన్నగార్లకి, తాతగార్లకి తెలిసిందా? వాళ్ళంతా ఆ తోటలోనే ఉన్నారు కదండి!"

నీ పేరు ఎత్తినందుకు ఏమనుకోకు. ఎత్తాల్సొచ్చింది.

ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు తల వంచుకున్నారు. ఆశీర్వాదం గారు నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నారు. "దీని సంగతి తరవాత చూద్దాం" అన్నారు. ఆయన మొహం చూస్తే ఆ 'తరవాత' ఎప్పటికీ రాదనిపించింది.

మీ తమ్ముడు లేచి నా దగ్గరికొచ్చాడు. జిరాక్సుల కట్ట నా ఒళ్ళో పెట్టాడు. "ఇవి మీవి అక్కగారూ. తప్పని మీరే అన్నాక ఇక పంచను" అన్నాడు. నేను సంతోషపడబోయేలోపే, "స్టార్ మాత్రం కట్టను. తెలియని తేదీకి పండగ చెయ్యను" అని వెళ్ళిపోయాడు. నీ బెంచీ పక్కనుంచే వెళ్ళాడు కదా. ఆగాడా?

భరద్వాజ సంగతి కూడా చెప్పాలి. ఇదే మాట గ్రూపుల్లో పెట్టరా అంటే "ఇప్పుడు తప్పంటే నా పరువేం కావాలి అత్తయ్యా?" అన్నాడు. హర్షిణి చేత నేనే పెట్టించాను. పావుగంటలో నన్ను గ్రూపులోంచి తీసేశారు. మీ సంఘం వాళ్ళకి చేతకానిది మావాళ్ళు చేసి చూపించారు.

శేషు

రేపల్లె,
28 డిసెంబరు

శేషూ,

ఆగలేదు. నా ముందునుంచే వెళ్ళాడు, తల తిప్పలేదు. అందుకే అంత ఏడ్చాను. నీకు వినపడలేదు, అదే మేలు.

క్రిస్మస్ అయ్యింది. గోపురం మీద స్టార్ ఎవరో కుర్రాళ్ళు కట్టారు, ఒకవైపుకి వాలింది. సునీల వచ్చి వాయించింది! "మా నాన్న, నువ్వు కావాలంటే వెళ్ళు, నేను మాత్రం రానన్నారు" అంది. పిల్లలు బాగా పాడారు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి గోడ అవతల వాడు ఒక్కడే కూర్చుని బైబిలు పైకి చదువుతున్నాడు. అరిసెలు ఎవరికి పెట్టాలో తెలియక డబ్బాలో సర్దేశాను. వాళ్ళింటికి పంపితే తిరిగొస్తాయేమోనని పంపలేదు.

మర్నాడు గురువారం. మధ్యాహ్నం వంటింట్లో ఉంటే గుమ్మంలో దగ్గు వినపడింది. రాజ్‌కుమార్. దాదాపు మూడు నెలలకి. చెప్పులు విప్పాడు, లోపలికి రాలేదు.

"ఏంట్రా?" అన్నాను.

"ఈవేళ ఇరవై ఆరు" అన్నాడు.

"అవును."

"మామూలు రోజు."

"అవున్రా, మామూలు రోజే."

"తినటానికేమన్నా ఉందా?"

"నిన్నటి అరిసెలున్నాయి."

"నిన్నటివని చెప్పకక్కా. అరిసెలున్నాయను చాలు."

పీట వేశాను. నాలుగు తిన్నాడు. తింటున్నంతసేపూ నీ మీద వాదన. ఆ తొమ్మిది నెలల లెక్క తప్పట, గొర్రెల కాపరులు డిసెంబరు చలిలో పొలంలో ఉండరట, నువ్వది చెప్పలేదట. నాకు జవాబు తెలియదన్నాను. తెలియదని వాడితో అనటం ఇదే మొదటిసారి. వాడు తినటం ఆపి నావైపు చూశాడు. "జూన్‌లో ఈ మాటే అనుంటే సరిపోయేదిగా అక్కా" అన్నాడు.

సంతకం గురించి క్షమించమన్నాను. "అది వదిలెయ్" అన్నాడు, కానీ వెంటనే అనలేదు. నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని అప్పుడన్నాడు. పూర్తిగా వదిలేశాడో లేదో నాకు తెలియదు. సెక్రటరీ పదవికి రాజీనామా ఇచ్చేశాను.

వెళ్తూ నీ అడ్రసు అడిగాడు. ఎందుకంటే చెప్పలేదు. ఇచ్చాను. తరవాత భయమేసింది, అందుకే ముందుగా రాస్తున్నాను.

కృప

తెనాలి,
6 జనవరి

కృపా,

నీ భయం నిజమే. మీ తమ్ముడి ఉత్తరం వచ్చింది. పద్నాలుగు పేజీలు, రెండువైపులా, గీతల కాగితం మీద.

మొదటి పేజీలోనే రెండు తప్పులున్నాయి, ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టాను. అయిదో పేజీలో గొర్రెల కాపరులు. దానికి జవాబు ఉంది, చెప్తాను. తొమ్మిదిలో నన్ను కూడా కాస్త తిట్టాడు, అది న్యాయమే. ప్రతి మాటకీ కింద ఎక్కడ చదివాడో పేజీ నంబరు వేశాడు. మా మేనల్లుడికి చూపిస్తే బాగుండును.

ఆఖరి పేజీలో ఒకటి అడిగాడు. "దేవుడు అన్నీ రాయించి ఆ ఒక్క తేదీ రాయించలేదంటే, మనకి అక్కర్లేదనా, లేక రాసినవాళ్ళకి గుర్తు లేకనా? మీరు నమ్మేవారు కాదు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తారని అడుగుతున్నాను అక్కగారూ."

రెండు రోజులుగా దాని ముందు కూర్చున్నాను. కాగితం తీశాను, 'చిరంజీవి రాజ్‌కుమార్‌కి' అని రాశాను, అక్కడే ఆగింది. మధ్యలో పాలవాడొచ్చాడు, పాలు పొంగిపోయాయి, గ్యాస్ పొయ్యి తుడిచాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. చిరాకు తెప్పించే మనిషి. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను, ఇలాంటి ప్రశ్న ఒక్క పిల్లాడూ అడగలేదు.

నాకు తెలియదని రాస్తాను. కానీ ఆ ఒక్క ముక్క రాసి పంపితే పద్నాలుగు పేజీలకి అన్యాయం. ఎందుకు తెలియదో కూడా రాయాలి. వారం పడుతుంది. వాడు తొందరపడి గోడ అవతల నుంచి నిన్ను సతాయిస్తే, అక్కయ్యగారు చదువుతున్నారని చెప్పు.

శేషు